గిన్నెలో వెంట్రుక

మిరాన్ దేన్నీ నమ్మే మనిషి కాదు. బూసాన్‌లో ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై ఆరేళ్లు సైన్సు చెప్పింది. పరీక్షల ముందు తల్లులు వచ్చి, పిల్లలు గట్టెక్కాలని గేటుకి బంక మిఠాయి అతికించి దణ్ణం పెట్టుకుంటే, వాళ్లు అటు తిరగ్గానే గోరుతో గీకి పారేసేది. అంతటి మనిషి ఇప్పుడు జేజు దీవిలో, దేవుళ్లని పిలిచే మేనత్త గదిలో, ఇత్తడి కత్తులు పట్టుకుని కూర్చుందంటే ఊరు నవ్వక ఏం చేస్తుంది?

రాక తప్పలేదు. మేనత్త మాల్‌సున్‌కి ఎనభై ఒకటో ఏట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పిల్లల్లేరు. ఆ ఊళ్లో పడవకి కొత్త ఇంజను పెట్టినా, పసిపిల్ల జడుసుకున్నా, నీళ్లలో పోయినవాళ్లు దొరక్కపోయినా మాల్‌సునే దిక్కు. అలాంటివాళ్లని ఆ దీవిలో సింబాంగ్ అంటారు. చేతిలో కత్తులు నిలవని సింబాంగ్ ఎవరికీ అక్కర్లేదని ఆవిడకి తెలుసు. అందుకే మేనకోడలు పెట్టె దించిన పదోరోజునే కత్తులు ముందు పెట్టింది.

"ఇవి ఇక నీవే."

"నాకెందుకత్తా. నేను నమ్మను."

"నమ్మమని నిన్నెవరడిగారే. పట్టుకోమన్నాను."

మిరాన్‌కి మొండితనం పుట్టుకతో వచ్చింది. సరే, పట్టుకుంటాను, కాని ప్రతి ఒక్కటీ రాసి పెడతాను, ఆర్నెల్ల తర్వాత ఇద్దరం కూర్చుని చూద్దాం అంది. అన్నట్టే చేసింది. రెండు కత్తుల అంచులూ ఒకే వైపు తిరిగి పడితే ఔను, ఎదురెదురుగా పడితే కాదు. వచ్చినవాళ్లు ఏమడిగారో, కత్తులు ఏం చెప్పాయో, తర్వాత ఏం జరిగిందో స్కూలు నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసింది. ఆరువందల పన్నెండుసార్లు విసిరింది. సగం నిజమయ్యాయి, సగం కాలేదు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

ఆ పుస్తకం తెచ్చి అత్త ఒళ్లో పెట్టినప్పుడు ఆవిడ బాధపడుతుందేమోనని మిరాన్‌కి లోపల కొంచెం బెరుకుగానే ఉంది. మాల్‌సున్ మాత్రం వంకరపోయిన మూతితోనే పడీపడీ నవ్వింది.

"ఇన్నాళ్లూ కత్తుల్ని చూస్తూ కూర్చున్నావా? నీకు చదువు చెప్పినవాళ్లని అనాలి. కత్తి గాల్లో ఉన్నప్పుడు కత్తిని చూడకూడదే పిచ్చిదానా. ఎదురుగా కూర్చున్న మనిషిని చూడాలి. అది కింద పడేలోపల ఆ మొహం అబద్ధం ఆడలేదు."

"అయితే మోసమేగా."

"చూడటం మోసమెలా అవుతుంది? హోంవర్కు చెయ్యని పిల్లని మొహం చూసి పట్టేదానివి కాదూ నువ్వు?"

మిరాన్ పుస్తకం మూసింది. ఆ రోజు నుంచి గళ్లు గియ్యడం మానేసి మొహాలు చూడటం మొదలుపెట్టింది. మొదట్లో అంతా తప్పే. దిగులు అనుకుంటే అది పంటి నొప్పి అయ్యేది. కోపం అనుకుంటే చెవుడు. అత్త పక్క గదిలో పడుకుని అన్నీ వింటూ, మనిషి వెళ్లగానే "మార్కులు సున్నా టీచరమ్మా" అని అరిచేది. తర్వాత తర్వాత తప్పులు తగ్గాయి. జనవరిలో ఒక నారింజ తోటాయన వచ్చి, ముసలి చెట్లు కొట్టెయ్యమంటారా వద్దా అని అడిగాడు. మిరాన్ కత్తులు విసిరింది. అవి కింద పడకముందే నోట్లోంచి మాట వచ్చేసింది.

"మీరు కొట్టేశారు కదా అప్పుడే."

ఆయన ఔనన్నాడు. మూడు రోజులయిందట. నాటింది వాళ్ల నాన్నట. ఆయన వెళ్లాక మిరాన్ గర్వంగా అత్తకి విప్పి చెప్పింది. చొక్కా మడతలో రంపపు పొట్టు ఉంది, అరచేతిలో బొబ్బ ఉంది, అందులో వింతేముంది అని.

"చూసి చెప్పావా, చెప్పాక చూశావా?" అంది మాల్‌సున్.

మిరాన్ ఆలోచించింది. నిజం చెప్పాలంటే చెప్పాకే చూసింది. కన్ను ముందే చూసి ఉంటుంది, బుర్రకి ఆలస్యంగా తెలిసి ఉంటుంది, అంతే, అని తనకి తాను సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకోవలసి వచ్చినందుకు ఆమెకి చిరాకేసింది.

ఇన్‌ఛున్ సంగతి అప్పటికే ఊరందరికీ గుబులుగా ఉంది.

ఇన్‌ఛున్‌కి అరవై తొమ్మిదేళ్లు. సముద్రంలో మునిగి శంఖు నత్తలూ పెద్ద ఆల్చిప్పలూ ఏరే ఆడవాళ్ల గుంపులో ఆమెంత ఊపిరి ఎవరికీ లేదు. ఒక్కగానొక్క కొడుకు సాంగుక్ డిసెంబరులో చేపల పడవ మీద పోయాడు. పడవ తిరగబడింది. ఆరుగురిలో అయిదుగురు దొరికారు, అతను దొరకలేదు. ప్రభుత్వం వాళ్ల పడవలు ఇరవై రోజులు తిరిగి వెళ్లిపోయాయి. ఇన్‌ఛున్ మాత్రం ఆగలేదు. గుంపు దిగని రోజున కూడా ఒక్కతే దిగుతుంది. నల్లరాళ్లు దాటి, చిన్నవాళ్లు కూడా భయపడే లోతుకి పోతుంది. పైకి వచ్చినప్పుడు ఆమె వదిలే ఊపిరి ఈల రోజురోజుకీ ఆలస్యమవుతోందని ఒడ్డున చలిమంట దగ్గర కూర్చున్నవాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు.

గుంపు పెద్ద కుమ్జా ఆ ఈల లెక్కపెట్టలేకే మాల్‌సున్ ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"కొడుకు శవం వెతుకుతోంది సమ్‌చున్. దొరికేదాకా ఆగదు. ఇలాగే వదిలేస్తే నెల తిరక్కుండా రెండో శవం లేస్తుంది. మీరు గిన్నె వెయ్యండి. వాడి జీవుణ్ణి పైకి తీసి ఆవిడ చేతిలో పెట్టండి. అప్పుడైనా ఒడ్డున కూర్చుంటుంది."

సమ్‌చున్ అంటే ఆ దీవిలో మగా ఆడా తేడా లేకుండా పెద్దవాళ్లందరికీ ఒకటే పిలుపు. గిన్నె వెయ్యడం అంటే అందరికీ తెలిసిన తంతు. ఇత్తడి గిన్నె నిండా బియ్యం పోసి, మూతపెట్టి, తెల్లగుడ్డలో మూటకట్టి, పొడుగాటి నూలుగుడ్డ తాడుగా కట్టి, పోయినవాళ్ల పేరు పిలుస్తూ మూడుసార్లు సముద్రంలోకి విసిరి లాగుతారు. మూడోసారి మూట విప్పితే బియ్యంలో వెంట్రుక కనబడాలి. కనబడితే ఆ జీవుడు నీళ్లలోంచి బయటపడ్డట్టు. అప్పుడు అతన్ని సాగనంపి, ఏటా తద్దినం పెట్టుకోవచ్చు.

"నా చెయ్యి చూశావుగా," అంది మాల్‌సున్. "ఇది వేస్తుంది." అని గడ్డంతో మిరాన్‌ని చూపించింది.

కుమ్జా మిరాన్‌ని ఎగాదిగా చూసింది. ఆ చూపులోనే అనవలసినదంతా అనేసింది.

ఆమె వెళ్లగానే మిరాన్ సూటిగా అడిగింది. "అత్తా, వెంట్రుక నువ్వే పెట్టేదానివా?"

"నలభై ఏళ్లలో ఒక్కసారీ పెట్టలేదు. వెంట్రుకలకేం కరువే. తాడు లాగేవాళ్ల జుట్టు, గాలికి కొట్టుకొచ్చేది, బియ్యం చెరిగినవాళ్లది. ఏదో ఒకటి దొరుకుతుంది. దొరక్కపోతే లేదని చెప్పి మళ్లీ వేసేదాన్ని."

ఒక ముసలామె ప్రాణాన్ని గాలికి కొట్టుకొచ్చే వెంట్రుకకి వదిలెయ్యడం మిరాన్ వల్ల కాదు. మనసులో నిశ్చయించుకుంది. పిలిచేటప్పుడు దగ్గర పెట్టుకునే పోయినవాడి బట్టల కోసం ఇన్‌ఛున్ ఇంటికి వెళ్లినప్పుడు, సాంగుక్ కోటు కాలరు లోపలి మడతలో పొట్టి నల్లటి వెంట్రుక ఒకటి దొరికింది. తల్లి వంటింట్లో బార్లీ టీ కాస్తుండగా దాన్ని కాగితంలో చుట్టి జేబులో వేసుకుంది. అబద్ధమైనా సగం నిజమే కదా, అతనిదే కదా, అనుకుంది. ఇరవై ఆరేళ్లు పిల్లలకి రుజువు లేనిదే నమ్మొద్దని చెప్పిన నోటితోనే అలా అనుకుంది, పాపం.

ఫిబ్రవరి నెలాఖరులో, నీటి ఉరవడి తగ్గే రోజు చూసి, పొద్దున్నే రాళ్ల మీదకి చేరారు. పడమటి గాలి కోస్తోంది. గుంపులోని పద్నాలుగు మందీ వచ్చారు. మాల్‌సున్‌ని చక్రాల కుర్చీలో తెచ్చి గాలి తగలని రాతిగోడ పక్కన కూర్చోబెట్టారు. ఇన్‌ఛున్ తలారా స్నానం చేసి, జుట్టు నున్నగా దువ్వి ముడివేసుకుని, పెట్టెలోంచి ఎన్నడూ బయటికి తియ్యని తెల్లబట్టలు కట్టుకుని వచ్చింది. అందరికీ పెద్ద కుండలో నత్తల జావ కాచి తెచ్చింది. ఒక్కొక్కరి చేతిలో గిన్నె పెడుతూ, "చాలా సాయం చేశావమ్మా" అని పేరుపేరునా చెప్పింది. ఎంత కోలుకుందో చూడండి అని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

మిరాన్ మూట విసిరింది. కన్నతల్లి చెయ్యి తాడు మీద ఉండాలి కాబట్టి ఇన్‌ఛున్ వెనకాల నిలబడి పట్టుకుంది. "సాంగుక్, సాంగుక్, పైకి రా నాయనా" అని మిరాన్ పిలవాలి. నమ్మకం లేని గొంతు సముద్రం మీదికి పోయి ఎవరికీ వినబడకుండా పడిపోతున్నట్టు ఆమెకే అనిపించింది. రెండోసారి విసిరింది. మూడోసారి మూట నీళ్లోడుతూ పైకి వచ్చి, బరువుగా రాయి మీద కూర్చుంది.

విప్పే ముందు కత్తులు విసిరి, వచ్చాడా అని అడగాలి. మిరాన్ విసిరింది. అలవాటుకొద్దీ కత్తుల్ని వదిలేసి ఇన్‌ఛున్ మొహంలోకి చూసింది.

ఆ మొహంలో ఏడుపు లేదు. ఆశ కూడా లేదు. మూటాముల్లే సర్దుకుని, ఇంటికి తాళం వేసి, మలుపు దగ్గర బస్సు కనబడగానే లేచి నిలబడ్డ మనిషి మొహం అది.

మిరాన్‌కి తెలిసిపోయింది. ఈవిడ వెతకడం లేదు. ఈవిడ ఇన్నాళ్లూ నేర్చుకుంటున్నది అడుగున ఉండిపోవడం. వాడొక్కడూ ఆ చీకటి నీళ్లలోంచి బయటపడి మంచి దారి పట్టాడని తెలిస్తే చాలు, తనూ వెళ్లిపోతుంది. రేపో, ఈ సాయంత్రమో. ఇదెవరో చెవిలో చెప్పింది కాదు, ఎక్కడో కనబడింది కాదు. తన పేరు తనకి తెలిసినట్టు తెలిసింది, అంతే. ఆ తెలియడంలో సందేహానికి ఎక్కడా చోటు లేకపోవడమే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

కత్తులు పడ్డాయి. రెండు అంచులూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. వచ్చాడని అర్థం. ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

మిరాన్ మూట విప్పి, గిన్నె మూత తీసి, తడిబియ్యంలోకి చెయ్యి దూర్చింది. పొద్దున తను పెట్టినచోటే వెంట్రుక వేళ్లకి తగిలింది. నాలుగు బియ్యపు గింజలతో సహా దాన్ని గుప్పిట్లో బిగించింది.

"రాలేదు," అంది.

"కత్తులు వచ్చాడంటున్నాయిగా," అంది కుమ్జా.

"దగ్గరదాకా వచ్చాడు. గిన్నెలోకి రాలేదు."

ఇన్‌ఛున్ నిదానంగా కూర్చుంది. "సరిగ్గా చూడు టీచరమ్మా. నీకు కొత్త. కంగారు పడ్డావేమో." అని గిన్నె తనవైపు లాక్కుని, బియ్యాన్ని గుడ్డ మీద పోసి, గింజ పక్కన గింజ పరుస్తూ వెతికింది. ఆ చేతులు చూడలేక మిరాన్ తల తిప్పుకుంది. ఎంతసేపు వెతికినా ఏముంటుంది. చివరికి ఆ తల్లి ఆ తడిబియ్యం మీదే పడిపోయి, నెత్తి నేలకేసి కొట్టుకుని ఏడ్చింది. రెండున్నర నెలల్లో ఆమె ఏడవగా ఊరు చూడటం అదే మొదలు.

"మళ్లీ వేద్దాం సమ్‌చున్," అంది మిరాన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీటి ఉరవడి మళ్లీ తగ్గిన రోజున వేద్దాం. కాని తాడు మీద మీ చెయ్యి ఉండాలి. నేను పిలిస్తే వాడు రాడు, మీరుంటేనే వస్తాడు. మీరు లేకపోతే ఇక ఎప్పటికీ అక్కడే."

కుమ్జా ఊరుకోలేదు. "చేతకాకపోతే చేతకాదని చెప్పాలి. పుస్తకాలు చదివి సింబాంగ్ అయిపోదామనుకుంటే ఇలాగే ఏడుస్తుంది. చచ్చినవాణ్ణి తియ్యమంటే బతికున్నదాన్ని చంపావు." తక్కినవాళ్లూ తలో మాటా అన్నారు. మిరాన్ గుప్పిట విప్పకుండా నిలబడి అన్నీ పడింది.

ఇంటికి వచ్చాక అత్తకి అంతా చెప్పింది. మళ్లీ కాగితంలో చుట్టిన వెంట్రుకతో సహా ముందు పెట్టింది. మాల్‌సున్ ఎడమచేత్తో మేనకోడలి మోకాలు మీద తట్టింది.

"నీకది పొరపాటుగా తోచి ఉంటే?"

"అయితే ఒక తల్లిని ఊరికే క్షోభ పెట్టినదాన్నవుతాను. ఎలా తెలుస్తుందత్తా? రాసి చూసుకోవడానికి నా దగ్గర గళ్లు లేవే. నాకు భయంగా ఉంది."

"నాకు నలభై ఏళ్లూ భయమే," అంది మాల్‌సున్.

మర్నాడు పొద్దున్నే మిరాన్ చలిమంట దగ్గరికి వెళ్లింది. కుమ్జా మొహం తిప్పుకుంది. గోడవార మేకుకి ఇన్‌ఛున్ నారింజరంగు తేలుడు బంతి, దాని కింద వల సంచీ, నడుముకి కట్టుకునే సీసపు బరువులూ వేలాడుతున్నాయి.

"ఇవి ఇక్కడెందుకున్నాయి?"

"మొన్న ఇచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకెవరికైనా ఇమ్మంది, ఇక తనకి అక్కర్లేదంది. గిన్నె వేశాక నీళ్లలోకి దిగనని చెప్పిందిగా, మానేస్తోందని సంతోషపడ్డాం..." కుమ్జా మాట సగంలో ఆగింది. జావ గిన్నె గుర్తొచ్చిందో, ఒక్కొక్కరికీ చెప్పిన మాట గుర్తొచ్చిందో, తెల్లబట్టలు గుర్తొచ్చాయో. అలాగే మంట పక్కన చతికిలబడింది. "గిన్నెలో వెంట్రుక ఉందా?" అని అడిగింది.

మిరాన్ మంటలోకి ఇంకో పుల్ల ఎగదోసింది. కుమ్జా మళ్లీ అడగలేదు. లేచి, ఆ బంతినీ బరువుల్నీ తీసుకెళ్లి తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు నుంచి గుంపులో ఎవరో ఒకరు ఇన్‌ఛున్ ఇంట్లోనే పడుకోవడం మొదలుపెట్టారు. మా ఇంట్లో పొయ్యి చెడిందని ఒకరు, మా ఆయన గురక భరించలేకపోతున్నానని ఒకరు.

ఇన్‌ఛున్ నాలుగో రోజున తనంతట తనే వచ్చింది. ఉప్పునీళ్లకి ఎర్రబారిన కళ్లు ఏడిచి ఏడిచి ఇంకా ఎర్రబారి ఉన్నాయి. చేతిలో కొత్తబియ్యం మూట ఉంది. గుమ్మంలో చెప్పులు విడిచి, మిరాన్‌కి ఎదురుగా కూర్చుంది. కత్తులు విసరమని అడగలేదు.

"ఒక్కటి చెప్పు టీచరమ్మా. నీకు ఏదో తెలుస్తుందని ఆ రోజు నాకనిపించింది. నువ్వు నన్ను చూసిన చూపు అలాంటిది. వాడికక్కడ చలిగా ఉంటుందా?"

పక్క గదిలో మాల్‌సున్ దగ్గు ఆగిపోయింది.

మిరాన్‌కి తెలిసినంతలో చచ్చినవాళ్లకి చలీ లేదు, వేడీ లేదు. ఆ మాట చెప్పొచ్చు. లేదు సమ్‌చున్, వాడు హాయిగా ఉన్నాడని సింబాంగులా అయినా చెప్పొచ్చు. రెండింటిలో ఏది చెప్పినా ఈ తల్లి కడుపు చల్లబడుతుంది. చల్లబడి, లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోతుంది. మిరాన్ ఆమె కళ్లలోకే చూసింది. ఇంతటి క్రూరమైన మాట జన్మలో ఎవరితోనూ అనలేదు, ఇక ముందు అననన్న నమ్మకమూ లేదు.

"ఉంటుంది సమ్‌చున్," అంది. "వణుకుతున్నాడు. మీరు లాగేదాకా వణుకుతూనే ఉంటాడు."

ఇన్‌ఛున్ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఏడ్చింది. మిరాన్ కూడా ఏడ్చింది, దాచుకోలేదు. కాసేపటికి ఆ ముసలామె మోకాళ్ల మీద చేతులానించి లేచి, గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్లి, నీటి ఉరవడి తగ్గే రోజు ఎప్పుడో వేలితో వెతికి పట్టుకుంది.

"ఇంకా పదకొండు రోజులుంది," అంది. "సరే, అప్పటిదాకా ఉంటాను."